గాలి తగిలే సీటు

జూన్ 3

బావమరిదికి,

ఫోను చేయకుండా ఉత్తరం రాశానేమిటని కంగారుపడకు. ఇంట్లో అందరం బాగున్నాం. ఫోనులో నువ్వు "ఊ", "సరే బావా", "చూద్దాం" అని మూడు మాటలతో సరిపెడతావు. కాగితం మీదైతే వాక్యం పూర్తి చెయ్యక తప్పదు. పైగా నువ్వు రోజూ మీ వర్క్‌షాపులో బండ్ల మీద రిపోర్టులు రాసేవాడివి. ఇది నీకు అలవాటైన పనే.

సంగతేమిటంటే, మన పాత పికప్ పని అయిపోయింది. ఇంజను కాదు, అది నాకంటే గట్టిగానే ఉంది. కింది రేకు పోయింది. మన ఎలక్ట్రీషియన్ ఫ్యూజు మాస్టారు కూర్చునే వైపు చెయ్యి దూరేంత కన్నం పడి, బండి నడుస్తుంటే రోడ్డు కనిపిస్తోంది. ఆయన దాని మీద రబ్బరు పట్టా పరుచుకుని, కాళ్లు అటొకటి ఇటొకటి పెట్టుకుని కూర్చుంటున్నారు. జారిపడతారేమోనని నేనంటే, "పడితే నడిచి వస్తాలే, నీ బండి కంటే ముందే చేరతాను" అన్నారు.

కొత్తది కొనాలి. రెండు చూసి పెట్టాను. రెండూ డీజిలే. రెండూ డబుల్ క్యాబిన్, అంటే ముందు రెండు సీట్లు, వాటి వెనక తలుపులతో సహా ఇంకో సీటు, ఆ వెనక తొట్టి. ఒకటి తెల్లది, ఒకటి బూడిదరంగుది. కంపెనీల పేర్లు విడిగా చీటీ మీద రాసి జతచేశాను. మీ దగ్గరికి రెండు రకాలూ వస్తాయని నువ్వే ఒకసారి చెప్పావు. షోరూముల వాళ్ల మాట వింటే రెండు బండ్లూ కొండలెక్కుతాయి, రెండూ ఏళ్లు దాటుతాయి. మనకి కొండా లేదు, ఏరూ లేదు. బాగుచేసిన నీళ్ల మోటారు వేసుకుని బురదలోకి వెళ్లి, అదే బురదలోంచి బయటికి రావాలి. ఆ సంగతి అడిగితే సినిమా చూపిస్తున్నారు.

ఇప్పుడే ఎందుకంటే, నీళ్ల సరఫరా వాళ్లు తమ పంపుహౌసులన్నిటి మరమ్మతూ ఒక్కరికే అప్పగిద్దామనుకుంటున్నారు. నా పేరు తలచుకుంటున్నారు. షరతులు రెండు. దారిలో ఆగిపోని బండి ఉండాలి. మోటారు దించడం, ఎత్తడం తెలిసినవాడు నేను కాక ఇంకొకడు ఉండాలి. ఆగస్టు మొదట్లో బండినీ మనిషినీ చూపించమన్నారు. మాస్టారు తీగ తప్ప గొలుసు ముట్టుకోరు, నీకు తెలుసు. మనసులో ఒక మనిషి ఉన్నాడు. ఇంకా అడగలేదు. ముందు బండి కొని, బండి చూపించి అడుగుదామని.

అందుకని నాకు కావలసిన జవాబులు ఇవి. వెనక సీట్లో ఒక మనిషి రోజూ కూర్చుని ప్రయాణం చెయ్యగలడా? మోకాళ్లకి చోటుందా? అన్నిటికంటే ముఖ్యం, వెనక అద్దాలు పూర్తిగా కిందికి దిగుతాయా? అతనికి గాలి కావాలి. ఉక్క అతనికి పడదు.

తొందరేం లేదు. కానీ తొందరగా రాయి.

నీ బావ

తమ్ముడూ, అడుగున చోటు మిగిలింది కాబట్టి నేను రాస్తున్నాను. మీ బావ కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు. చొక్కా నేను తొడుగుతున్నాను. ఇది రాయమంటే, పికప్‌కీ భుజానికీ సంబంధం లేదన్నారు. బండి ముందు, మనిషి తరవాత అని ఆయన. ముందు మనిషిని అడగండి, ఒప్పుకుంటేనే బండి అని నేను. వినడం లేదు. – అక్క


జూన్ 11

బావగారికి నమస్కారం.

ఉత్తరం అందింది, అడుగున అక్క రాసింది కూడా. భుజం డాక్టరుకి చూపించండి. చూపించకుండా చూపించానని రాయకండి, ఆ కిందే అక్క నిజం రాస్తుంది.

మీరు చెప్పిన రెండు బండ్లూ మా దగ్గర చాలా ఉన్నాయి. మేము చూసేవి కంపెనీల బండ్లు. వాటిని ఎవరూ తన సొంతం అనుకుని నడపరు, కాబట్టి లోపాలు తొందరగా బయటపడతాయి. నా బల్లకి ఎదురుగా సర్వీసు గుంట ఉంది. ఇప్పుడు దాని మీద బూడిదరంగుది నిలబడి ఉంది. దాని పొట్ట చూస్తూ రాస్తున్నాను.

బూడిదబండికి ఇంజను పెద్దది. తొట్టి రెండోదాని కంటే జానెడు పొడుగు. వెనక ఉక్కు పట్టీల కమాన్ కట్టలు ఉంటాయి. బరువు వేస్తే నిలకడగా పోతుంది, ఖాళీగా పోతే ఎగురుతుంది. డీజిలు కొంచెం ఎక్కువ తాగుతుంది. మా మెకానిక్కులు దీన్ని తిట్టడం తక్కువ.

తెల్లబండికి ఇంజను చిన్నదే అయినా మీ పనికి సరిపోతుంది. వెనక స్ప్రింగులు కాబట్టి మెత్తగా పోతుంది. బరువెక్కితే తోక దించుతుంది. పైపులు ఎలాగూ పైన క్యారియర్ మీదికి పోతాయి గనక తొట్టి పొట్టిదైనా ఫరవాలేదని మీరనవచ్చు. కానీ మోటారు, గొలుసు కప్పీ, మూడు కాళ్ల స్టాండు తొట్టిలోకే రావాలి. స్టాండు ఐమూలగా పెడితే తప్ప ఇందులో పట్టదు.

షోరూములో చెప్పని విషయాలు రెండున్నాయి. బండి ఇంత బరువు మోస్తుందని కాగితం మీద రాసిన అంకెలో లోపల కూర్చునే మనుషుల బరువు కూడా కలిసే ఉంటుంది. మనిషిని ఎక్కిస్తే ఆ మేరకు సామాను దించాలి. ఇక రెండు బండ్లకీ పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంది. ఎప్పుడూ దగ్గర దూరాలే తిప్పితే మసి కాలక అది మూసుకుపోతుంది. వారానికోసారైనా పెద్దరోడ్డు మీద ఆపకుండా నడపాలి. మీరు నడపరు. అందుకే చెబుతున్నాను.

వెనక సీటు అడిగారు. బూడిదబండిలో వీపు ఆనుకునే పలక నిటారుగా ఉంటుంది. అద్దం సగం దిగి ఆగిపోతుంది. తలుపు కింద చక్రం వంపు అడ్డం. తెల్లదానిలో పలక వాలుగా ఉంటుంది, అద్దం మొత్తం దిగుతుంది.

నా సలహా బూడిదబండి. మీరు కొంటున్నది మోటార్లు మోయడానికి.

మీ మనసులో ఉన్న మనిషి ఎవరో రాయలేదు. పైపుల కొట్టాయన తమ్ముడని అనుకుంటున్నాను. పోయినేడాది వేసవిలో మీ వెంట తిరిగాడని అక్క చెప్పింది. గొలుసు పట్టడం వచ్చేమో గాని బావిలోకి దిగడం వచ్చో రాదో కనుక్కోండి. అతని సుఖం గురించి మాత్రం అంత ఆలోచించక్కర్లేదు. మీ దగ్గర పనిచేసిన పదకొండేళ్లూ నేను తొట్టిలో కూర్చుని వచ్చాను. నా అద్దాలు ఎప్పుడూ పూర్తిగా దిగే ఉండేవి.

ఇక్కడి సంగతి ఒకటి. మా ఫోర్‌మన్ రిటైరవుతున్నాడు. ఆ చోటు నాకిస్తామన్నారు. విడిగా ఒక గది, గదికి తలుపు, తలుపు మీద పేరు ఉంటాయి. జులై నెలాఖరులోగా సంతకం చేసి ఇవ్వాలి. చేస్తే అయిదేళ్లు కదలకూడదు. అక్కకి చెప్పండి.

మీ బావమరిది


జూన్ 19

బావమరిదికి,

డాక్టరు దగ్గరికి వెళ్లాను. నమ్మకపోతే కాగితం అడుగున చూడు, అక్క ఏమీ రాయలేదు. ఆయన నా చెయ్యి ఎత్తి, దించి, "ఏం పని చేస్తారు?" అన్నాడు. చెప్పాను. "మానెయ్యండి" అన్నాడు. ఇంత చిన్న వైద్యానికి బయట బెంచీ మీద పూటంతా కూర్చోబెట్టారు. బెంచీ కూడా నీ బూడిదబండి సీటులాగే నిటారుగా ఉంది.

ఫోర్‌మన్ సంగతి చదివి సంతోషించాం. తలుపు మీద పేరంటే మాటలు కాదు. మన కొట్టుకి తలుపే సరిగా పడదు, ఇక పేరెక్కడ రాస్తాం. మీ అక్క ఆ పేజీ రెండుసార్లు చదివి ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఆవిడకి అలవాటు లేదు.

కానీ నీ తొట్టి మాట నాకు చిత్రంగా అనిపించింది. తొట్టిలో కూర్చుంటానన్నది నువ్వు. మొదటి రోజే అన్నావు, "నాకు గాలి కావాలి బావా, లోపల ఉక్క" అని. మాస్టారు సాక్షి. సీటు మీద నాకూ మాస్టారికీ మధ్య, మోటార్లు నడిపి చూసే స్టార్టరు పెట్టె ఉండేది నిజమే. లోపల మీటర్లు, రిలేలు. తడిస్తే పోతుంది, కుదిపితే పోతుంది. నువ్వు గాలి మనిషివి కాబట్టి చిక్కు లేకుండా సరిపోయిందనుకున్నాను. వానలో నువ్వు టార్పాలిన్ కప్పుకుని కూర్చుంటే, అద్దంలో చూసి, వీడికి గాలంటే ఎంత ఇష్టమో అని మాస్టారితో అనేవాణ్ని. ఒకసారి పెద్ద వానలో లోపలికి రమ్మన్నాను కూడా. పెట్టె ఒళ్లో పెట్టుకోవాలి మరి అన్నాను. "వద్దు బావా, ఇక్కడే బాగుంది" అన్నావు. నువ్వు ఆ ఊరికి వెళ్లేరోజు బస్సులో కిటికీ పక్క సీటు కోసం కండక్టరుతో గొడవపడింది ఎవరు? పక్కవాళ్లంతా చూస్తున్నా వదల్లేదు. మావాడికి గాలి తగలాలి అన్నాను. ఇప్పుడేమో అద్దాల సంగతి ఎవరూ అడగలేదన్నట్టు రాశావు.

పోనీలే. పని సంగతి చూద్దాం. నువ్వు గుంట పక్కన కూర్చుని, బండి పొట్ట చూసి చెప్పావు. నాకు కావలసింది అది కాదు. రెండు బండ్లలోనూ వెనక కూర్చో. నడపకు. ఎవరినైనా నడపమను. మంచి రోడ్డు, చెడ్డ రోడ్డు రెండూ తగిలేలా తిరిగి వచ్చి, నీకు ఎలా ఉందో రాయి. నేను అడగాలనుకుంటున్న మనిషిదీ నీ ఒడ్డూ పొడుగే. నీకు కుదిరితే అతనికి కుదురుతుంది.

అతనెవరన్నది మాత్రం ఇప్పుడు చెప్పను. అడగకముందే పేరు బయటపెట్టి, తరవాత అతను రానంటే ఇద్దరికీ చిన్నతనం.

పాత బండిని చూసుకోవడానికి కోళ్లఫారం ఆయన వచ్చాడు. కన్నం చూసి బేరం తగ్గిస్తాడనుకున్నాను. లోపల కడగడానికి సుళువుగా ఉందన్నాడు.

నీ బావ


జులై 2

బావగారికి నమస్కారం.

మీరు చెప్పినట్టే చేశాను. సర్వీసు అయ్యాక ప్రతి బండినీ ఊరి బయటి దాకా తిప్పి చూడటం మా పద్ధతి, అందువల్ల ఎవరి అనుమతీ అడగక్కర్లేకపోయింది. నడిపింది మా టెస్టు డ్రైవరు. మాట్లాడకుండా గేరు మార్చలేడు కాబట్టి అతన్ని అందరూ హారను అంటారు. నేను వెనక తలుపు తీసి ఎక్కగానే, "ఏంటి సార్, ఇవాళ మీరు ఓనరా?" అన్నాడు. వెనక సీటు మీద రిపోర్టు రాయాలన్నాను. "దాని మీద హెల్మెట్లు పెడతాం సార్, అవి ఎప్పుడూ ఫిర్యాదు చెయ్యలేదు" అన్నాడు.

రెండు బండ్లకీ అదే దారి, అదే డ్రైవరు, అదే బరువు. తొట్టిలో పనికిరాని గేరుబాక్సులు రెండు కట్టాం. బైపాస్ మీద కొంత, కంకర క్వారీ రోడ్డు మీద కొంత.

బూడిదబండి మంగళవారం. బైపాస్ మీద ఇబ్బంది లేదు. మోకాళ్లు ముందు సీటుకి తగలలేదు గాని తగలకుండా చూసుకుంటూ కూర్చోవాల్సి వచ్చింది. క్వారీ రోడ్డు మీద మొదటి గుంతకి తల పైకప్పుకి తగిలింది. రెండో గుంతకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అద్దం సగమే దిగడం వల్ల గాలి మొహానికి కాకుండా చెవికి తగులుతుంది. దిగేటప్పటికి నడుము పట్టేసింది. హారను మాత్రం ఈ బండి ఎద్దులాంటిదని మెచ్చుకున్నాడు. అతను ముందు కూర్చున్నాడు.

తెల్లబండి గురువారం. బైపాస్ దాటడం గుర్తుంది. క్వారీ రోడ్డులోకి తిరగడం గుర్తుంది. ఆ తరవాత గుర్తున్నది పెట్రోలు బంకులో హారను బయటి నుంచి చెయ్యి పెట్టి నా భుజం కదపడం. అంటే అద్దం పూర్తిగా దిగి ఉందన్నమాట. ఆ సంగతి వరకు రూఢి. మిగతాదానికి నేను సాక్షిని కాను. నిద్రపోయినవాడి మాట పరీక్ష కింద చెల్లదు కాబట్టి రిపోర్టులో "వెనక సీటు: పరిశీలన అసంపూర్తి" అని రాశాను. హారను ఆ ముక్క వర్క్‌షాపంతా చెప్పాడు.

సలహా మార్చడం లేదు. పనికి బూడిదబండే.

ఇక గాలి సంగతి. మీరు మాస్టారిని సాక్షిగా పిలిచారు కాబట్టి ఆ రోజు జరిగింది నాకు గుర్తున్నంత వరకు రాస్తాను. అక్క పెళ్లయి నెల కాలేదు. నేను పని నేర్చుకోవడానికి మీ దగ్గరికి వచ్చిన మొదటి ఉదయం. తెల్లవారుజామున వాన పడి తొట్టి తడిగా ఉంది. స్టార్టరు పెట్టె కొత్తది, దాని మీది అట్ట కూడా విప్పలేదు. మీరు పెట్టెను చూశారు, ఆకాశాన్ని చూశారు, తరవాత నన్ను చూశారు. మాస్టారు అప్పటికే ఎక్కి కూర్చున్నారు. కొత్త బావగారిని పట్టుకుని పెట్టె తీసి వెనక పెట్టండని ఎలా అంటాను? నేను పిల్ల తరఫు మనిషిని. నేనేమన్నా ఆ మాట అక్క మీదికి పోతుంది. అందుకని గాలి కావాలన్నాను. ఆ ఒక్క రోజుకే అన్నాను.

మర్నాడు నేను వచ్చేసరికి పెట్టె సీటు మధ్యలో ఉంది. తొట్టిలో నా కోసం గోనెపట్టా నాలుగు మడతలు వేసి, ఎగిరిపోకుండా తాడుతో కట్టి ఉంది. మీరే కట్టారు. అంత మనసుపెట్టి వేసిన చోట కూర్చోనని ఎలా అంటాను? ఆ తరవాత ఇక చెప్పడానికి వీలు చిక్కలేదు. మూడేళ్ల కిందట వచ్చేసేటప్పుడు ఇక్కడ జీతం బాగుందని చెప్పాను. అదీ అబద్ధం కాదు.

ఇది ఫిర్యాదు కాదు. మీరు ఒక విధంగా రాశారు, నేను ఉన్నది రాశాను. పైపుల కొట్టాయన తమ్ముడు కూడా గాలి కావాలంటున్నాడా? నిజంగా కావాలో లేదో ఇంకోసారి కనుక్కోండి.

ఫోర్‌మన్ కాగితం సొరుగులో ఉంది. ఈ వారంలో సంతకం చేసేస్తాను.

మీ బావమరిది


జులై 11

బావమరిదికి,

రిపోర్టు అందింది. ఇంత వివరంగా ఎవరూ రాయరు. హారనుకి నా తరఫున కృతజ్ఞత చెప్పు.

మాస్టారిని అడిగాను, ఆ రోజు మావాడు నిజంగా గాలి కావాలన్నాడా అని. "అన్నాడు. పెట్టె వైపు చూసి అన్నాడు" అన్నారు. మరి ఇన్నేళ్లూ నాతో చెప్పలేదేం అన్నాను. "నేను నీ దగ్గరికి తీగలు కలపడానికి వచ్చాను, బావా బావమరుదుల్ని కలపడానికి కాదు" అన్నారు. అని మళ్లీ మీటరు చూసుకున్నారు.

బండి సంగతి తేలిపోయింది. డబుల్ క్యాబిన్ మానుకున్నాను. వాడిన సింగిల్ క్యాబిన్ ఒకటి అమ్మకానికి ఉంది, రేకు గట్టిగా ఉంది. నేనూ మాస్టారూ పెట్టే కూర్చోవడానికి అది చాలు. నీళ్ల సరఫరా వాళ్లకి మా వల్ల కాదని చెప్పేస్తాను. ఆగస్టు దాకా వాళ్లను ఆపడం దేనికి. చిన్న మోటార్లు ఉన్నాయి, కొళాయిలు ఉన్నాయి. భుజం ఎత్తక్కర్లేని పని చేసుకుంటాను.

నేను అడగాలనుకున్న మనిషికి వేరేచోట పెద్ద పని దొరికింది. అతనికి అది తగిన పనే. అంత మంచి చోటు వదిలి బురదలోకి రమ్మనడం పద్ధతి కాదు. నాకు అవసరమున్నంత మాత్రాన అడిగేస్తే, అతను కాదనలేక ఔనంటాడు. అతనికి ఆ అలవాటు ఉందని ఈమధ్యే తెలిసింది.

పైపుల కొట్టాయన తమ్ముడి గురించి రెండుసార్లు రాశావు. అతను సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకుని ఏడాది కావస్తోంది. మోటారు పైకి వచ్చేటప్పుడు కళ్లు మూసుకునేవాడు.

నీ సంతకం అయ్యాక తలుపు ఫోటో పంపు. మీ అక్క చూస్తానంటోంది.

నీ బావ

నేను తలుపు చూస్తానని అనలేదు. ఇంకేమీ కూడా రాయను. నేను రాస్తే, అక్క చెప్పింది కాబట్టే అని ఇద్దరూ నా మీదికి తోస్తారు. ఉత్తరాలన్నీ దగ్గర పెట్టుకుని మొదటి నుంచి చదువు తమ్ముడూ. బండ్ల కాగితాలు చదివినట్టు చదువు. – అక్క


జులై 18

బావగారికి నమస్కారం.

మొదటి నుంచి చదివాను.

మా దగ్గరికి బండి ఆగిపోయి వచ్చినప్పుడు డ్రైవరు చెప్పినదాన్ని బట్టి పోము. ఏ భాగం బాగుందో ఒక్కొక్కటీ చూసి పక్కన పెడతాం, చివరికి చెడినది మిగులుతుంది. అలాగే చూశాను. మీ మనిషికి గొలుసు పని వచ్చు. పైపుల కొట్టువాడు కాదు. నా ఒడ్డూ పొడుగూ ఉంటాడు. వేరేచోట పెద్ద పని దొరికింది. కాదనలేక ఔనంటాడు. అన్నిటికీ మించి అతనికి గాలంటే ఇష్టమని ఈ లోకంలో మీరొక్కరే నమ్ముతారు. నాకు గాలి ఇష్టం లేదని నాకు తెలుసు కాబట్టి ఆ మనిషి నేను కాదనుకున్నాను. పొరపాటు అక్కడ జరిగింది.

బూడిదబండి కొనమని రెండుసార్లు రాశాను. అది వెనక ఇంకెవరో కూర్చుంటారనుకుని రాసింది. ఆ సలహా రద్దు.

సంతకం ఇంకా చెయ్యలేదు. ఈ వారం, వచ్చే వారం అనుకుంటూ సొరుగు మూస్తున్నాను. మొన్న ఆ గది తెరిచి చూపించారు. బల్ల బాగుంది. కుర్చీ తిరుగుతుంది. తలుపు మీద పాతాయన పేరు గీకేసి శుభ్రం చేసి పెట్టారు. తలుపు మూసి కాసేపు కూర్చున్నాను. ఆ గదికి కిటికీ లేదు. ఫ్యాను వేశారు, కానీ అది ఉన్న గాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది. లేచి బయటికి వచ్చి గుంట పక్కన నిలబడ్డాను. హారను చూసి, "ఏం సార్, గాలాడలేదా?" అన్నాడు. పదకొండేళ్లు ఒక మాట చెప్పుకుంటూ కూర్చుంటే అది ఎప్పుడో నిజమై కూర్చున్నట్టుంది. ఇది మాస్టారికి చెప్పకండి.

మీరు అడగలేదు కాబట్టి నేను ఔననడం లేదు. కాదనలేక ఔనంటున్నానని మీరనుకోవడానికి కూడా వీలు లేదు. అడిగేది నేను. నాదొకటే ప్రశ్న, జవాబు కుదిరితే ఆగస్టు ఒకటికి వచ్చేస్తాను. డబుల్ క్యాబిన్ కొంటే స్టార్టరు పెట్టె ఎక్కడ పెడతారు? లోపల సీట్లు చాలా ఉంటాయి కాబట్టి అడుగుతున్నాను. జవాబు రాసేటప్పుడు మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకోండి.

ఆ వాడిన సింగిల్ క్యాబిన్‌కి బయానా ఇచ్చి ఉంటే తిరిగి తీసుకోండి. రేకు గట్టిగా ఉందని అమ్మేవాడు చెబితే కింద పాడైంది ఇంకేదో ఉందన్నమాట.

మీ బావమరిది


జులై 25

బావమరిదికి,

తెల్లది కొన్నాను. నువ్వు నిద్రపోయినది.

బయానా ఇవ్వలేదు. నీళ్ల సరఫరా వాళ్లకి వద్దని చెప్పడానికి వెళ్లాను గాని, ఆ రోజు ఆఫీసులో వినవలసినాయన లేడు. మర్నాడు వెళ్లేలోగా నీ ఉత్తరం వచ్చింది. ఆఫీసుల్లో మనుషులు ఉండకపోవడం వల్ల మంచి జరగడం నేను ఇదే చూడటం. బండిని చూపించాను. మనిషి ఆగస్టు ఒకటికి వస్తాడని చెప్పాను. పేరడిగితే చెప్పాను.

తోక దించుతుందని రాశావు కదా, వెనక అదనపు స్ప్రింగు వేయించాను. మసి జల్లెడ సంగతి గుర్తుంది. వారానికోసారి పెద్దరోడ్డు మీద నువ్వు నడుపు. నా చెయ్యి స్టీరింగు మీద ఎక్కువసేపు నిలవడం లేదు. నువ్వు నడిపేరోజు వెనక నేను కూర్చుంటాను. మాస్టారు ముందు సీటు వదలరు. ఆయన వదలరని రాతకోతల్లో పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు. వెనక సీటు మీది ప్లాస్టిక్ కాగితం తీయలేదు. మీ అక్క తీయనివ్వలేదు, వాడు వచ్చి తీస్తాడు అంది.

ఇక నీ ప్రశ్న. మాస్టారు పక్కనే ఉన్నారు, కళ్లజోడు పెట్టుకుని చదువుతున్నారు. తొట్టిలో ఎడమ మూలన కొలత తీసుకుని, రేకుతో అర చేయించాం. దానికి మూత ఉంది, మూతకి రబ్బరు అంచు ఉంది, కింద నీ గోనెపట్టా నాలుగు మడతలు వేసి ఉంది. నిన్న పెట్టెను లోపలి నుంచి తీసి అందులో పెట్టాం. మాస్టారు దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఎంతైనా వానలో తడుస్తుందేమో" అన్నారు.

"ఏం ఫరవాలేదు మాస్టారూ," అన్నాను, "దానికి గాలి కావాలట."

నీ బావ